నాన్నగారి బుల్లెట్ ఇంజన్ ఇంట్లోనే విప్పుతున్నా (1974, 350, క్యాస్ట్ ఐరన్) – తెలిసినవాళ్లు ఓ కన్నేసి ఉంచండి

ఖమ్మం_డుగ్గుడుగ్గు | జనవరి 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పండక్కి వచ్చిన చుట్టాలు నిన్నటితో వెళ్లిపోయారు, పోర్టికో ఖాళీ అయింది. కాబట్టి ఇక ఆగను.

బండి 1974 మోడల్ స్టాండర్డ్ 350. నాన్నగారు ఓవర్సీరుగా చేసినన్నాళ్లూ దీని మీదే ఊళ్లన్నీ తిరిగారు. గేరు కుడి పక్క, ఒకటి పైకి మూడు కిందికి. న్యూట్రల్ ఫైండర్ ఇప్పటికీ పనిచేస్తుంది. పదకొండేళ్ల కిందట వైరా రోడ్డులో లోపల ఏదో టకటకమని కొట్టుకుంటోందని ఆపేశారు. మెకానిక్కు చూపిస్తే పిస్టన్ చప్పుడే, నడపొచ్చు అన్నాడట. నాన్నకి నమ్మకం కుదరలేదు. టార్పాలిన్ కప్పేశారు, అంతే.

ఇప్పుడు కిక్కర్ కదలడం లేదు, పిస్టన్ పట్టేసింది. నేను వృత్తిరీత్యా కంప్యూటర్ల వాణ్ణి. ఇప్పటిదాకా స్కూటర్ ప్లగ్గు తప్ప ఏదీ విప్పలేదు. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ పని కూడా చెప్పండి.

రాణీగంజ్_రాజు | జనవరి 17, రాత్రి 9:58

అన్నా, తిట్టుడు గాదు గని ఒక్క మాట. ఇంజన్ విప్పుడు ఒక్క ఆదివారం పని. మల్ల జోడించుడే పరేషాన్. మా చిన్నాయన 2009ల విప్పిండు, ఇంకా రెండు బకెట్లల్లనే ఉంది. మంచి మిస్త్రీని పట్టుకో.

లేత్_బాబాయ్ | జనవరి 17, రాత్రి 10:30

రాజూ, కుర్రాణ్ణి అప్పుడే బెదరగొట్టకు.

ఖమ్మం అబ్బాయ్, నేను బెజవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్లుగా లేత్ మీద ఉన్నాను. ముందు ఈ రెండూ చెయ్యి. ప్లగ్గు తీసి ఆ కన్నంలో సగం డీజిల్ సగం ఇంజన్ ఆయిల్ కలిపి రెండు చెంచాలు పొయ్యి. నాలుగు రోజులు దాని జోలికి పోకు. తర్వాత టాప్ గేర్లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. కిక్కర్ మీద మాత్రం ఎగిరి దూకొద్దు, లోపలి పళ్లు పోతాయి.

రెండోది, ఏ నట్టు ముట్టుకునే ముందైనా క్రాంక్ కేసు (ఇంజన్ కింది పెట్టె) అడుగు ప్లగ్గు విప్పి ఎంత ఆయిల్ వస్తుందో కొలువు. బుల్లెట్‌కి ఆయిల్ ట్యాంకు విడిగా ఎక్కడో ఉండదు, క్రాంక్ కేసులోనే వెనక అర. బండి నెలల తరబడి నిలబడితే ఆ అరలోది పంపు సందుల్లోంచి జారి ఫ్లైవీలు (బరువు చక్రం) గదిలోకి చేరుతుంది. అట్లాంటి బండి స్టార్ట్ చేస్తే ఊరంతా పొగ. చాలామంది దాన్ని చూసి రింగులు పోయాయనుకుని మంచి బోరును (పిస్టన్ ఆడే గొట్టాన్ని) వెడల్పు చేయించడానికి బోరింగుకిస్తారు.

జావా_జోగారావు | జనవరి 17, రాత్రి 11:12

అందుకేనండి మా మైసూరు బండే (జావా, ఎజ్డీ) నయం. ట్యాపెట్లు లేవు, వాల్వులు లేవు, ఆయిల్ పంపు లేదు. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోస్తాం. 1996లో ఫ్యాక్టరీలో ఎజ్డీలు ఆగిపోయినా మా శ్రీకాకుళంలో ఆగలేదు.

లేత్_బాబాయ్ | జనవరి 17, రాత్రి 11:20

జోగారావు గారూ, మీ క్రాంక్ సీల్ పోతే ఎంత పని పడుతుందో. ఆ ముక్క కూడా చెప్పండి.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | జనవరి 23

ఐదో రోజు పొద్దున కదిలింది! చిన్న "టిక్" అంది, చక్రం తిరిగింది. అడుగు ప్లగ్గులోంచి లీటరు పైనే వచ్చింది, తారులా ఉంది. నాన్న మంచం పోర్టికోలోకి మార్పించుకున్నారు. పర్యవేక్షణట.

సమస్య ఏంటంటే, నా 14 స్పానర్ వదులు, 13 ఎక్కదు. ఒక నట్టు మూలలు అప్పుడే గుండ్రమయ్యాయి.

చైన్‌లూబ్_చిన్ని | జనవరి 23

అయ్యో, ఆపండి. ఆ ఇంజన్‌లో చాలా నట్లు మి.మీ. కొలతవి కావండి, విట్‌వర్త్ కొలతవి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన డిజైన్ కదా. ఇంకో తిరకాసు ఉంది. ఆ స్పానర్ మీద 1/4 అని ఉంటే మూతి వెడల్పు పావు అంగుళం అని కాదు, బోల్టు మందం పావు అంగుళం అని. మూతి అర అంగుళం పైనే ఉంటుంది. మా పాలిటెక్నిక్‌లో పిల్లలకి ఇది చెబితే ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు నవ్వుతారు, ఇంకొకరు నట్టు పాడుచేస్తారు.

లేత్_బాబాయ్ | జనవరి 23

కొనకు. నా దగ్గర పాత విట్‌వర్త్ రింగు సెట్టు ఉంది. మా గురువుగారిది. రేపటి ఖమ్మం బస్సులో పార్శిల్ వేస్తాను. పని అయ్యాక తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా ఊరుకోను.

అనంతపురం_అప్ప | జనవరి 24

ఏమప్పా, ఇంకొకటి గుర్తు పెట్టుకో. ఆ ఫ్రేముకి కింద భాగం ఉండదు. ముందు నుంచి దిగిన పైపు ఇంజన్ దగ్గరే నిలిచిపోతాది, ఇంజనే ఫ్రేములో ఒక ముక్క. దింపే ముందు బండిని రెండు పక్కలా గట్టి స్టూళ్ల మీద నిలబెట్టుకో. నేను మరిచిపోయి మా తమ్ముని కాలి మీద వేసినా. వాడు ఇప్పటికీ పండగలకి ఆ కత ఎత్తుతాడు.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఫిబ్రవరి 1

సెట్టు అందింది బాబాయ్ గారూ, వెయ్యి దండాలు. నాన్న దాన్ని చూసి చాలాసేపు చేతిలోంచి కింద పెట్టలేదు.

హెడ్డు, బ్యారెల్ దిగాయి. పిస్టన్ నెత్తిన ట్వంటీ ఓవర్ (అసలు కొలతకి ఇరవై థౌ ఎక్కువ; థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అని గుద్ది ఉంది. అంటే ఒకసారి బోరింగ్ అయింది. గోడల మీద రింగులు ఆగిన చోట తుప్పు గీతలు, మూడు వలయాలు. గోరు పెడితే ఆగుతోంది.

ఇప్పుడు టైమింగ్ కవరు (గేర్లూ ఆయిల్ పంపూ ఉండే పక్క మూత) తీశాను. పినియన్ (క్రాంకు, అంటే ఇంజన్ ఇరుసు, కొస మీది చిన్న గేరు) ముందున్న పెద్ద నట్టు రావడం లేదు. నాన్నని సీటు మీద కూర్చోబెట్టి, టాప్ గేర్లో వెనక బ్రేకు తొక్కించి, స్పానర్‌కి రెండడుగుల పైపు తొడిగి లాగుతున్నా. ఇంకో అడుగు పైపు తెస్తే…

లేత్_బాబాయ్ | ఫిబ్రవరి 1, రెండు నిమిషాల్లో

ఆగు!!! అది ఎడమ మరల నట్టు!

రాణీగంజ్_రాజు | ఫిబ్రవరి 1

అన్నా ఉల్టా చూడీ! ఉల్టా చూడీ! పైపు పక్కన పడెయ్!

లేత్_బాబాయ్ | ఫిబ్రవరి 1

ఇప్పుడు నెమ్మదిగా చెబుతాను. దాన్ని వార్మ్ నట్టు అంటారు. బయటకి నట్టే, దాని ఒంటి మీద మాత్రం మెలి పళ్లుంటాయి. ఆ పళ్లే ఆయిల్ పంపు కడ్డీని తిప్పుతాయి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. నువ్వు ఇంతసేపూ బిగించావు. మూడడుగుల పైపుతో ఇంకోసారి బిగిస్తే నట్టుతో సరిపోదు, క్రాంకు కొసే విరుగుతుంది. అది విరిగాక నా దగ్గరికే వస్తారు. నెలకొకరైనా వస్తుంటారు.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఫిబ్రవరి 1

చేతులు వణుకుతున్నాయి. పైపు లేకుండా, అటు వైపు ఒక్క దెబ్బ వేస్తే వచ్చేసింది.

నాన్న ఇప్పుడంటున్నారు: "నాకు తెలుసురా అది తిరకాసు నట్టని. నువ్వు ఫోన్‌లో చూసి చేస్తున్నావు కదా అని ఊరుకున్నా."

చైన్‌లూబ్_చిన్ని | ఫిబ్రవరి 1

ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన మంచి పోస్టు మీ నాన్నగారిదే.

గేర్ల మీది చుక్కలు ఒకదానికొకటి ఎదురెదురుగా వచ్చేలా ఇంజన్ తిప్పి, అప్పుడు ఫోటో తీసుకోండి. తర్వాతే గేర్లు లాగండి. ఇక అసలు పరీక్ష: పిస్టన్ తీసేసి, కనెక్టింగ్ రాడ్‌ను పై కొసకి తెచ్చి రెండు చేతులతో పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకి కొద్దిగా ఊగడం మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు. నిలువుగా కాస్త ఆడినా, "టక్" అన్నా బిగ్ ఎండ్ (రాడ్ క్రాంకుకి తగిలే కింది కొస) పోయినట్టే.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఫిబ్రవరి 2

టక్ అంది. చెయ్యి పెట్టి చూడక్కర్లేదు, వంటింట్లోంచి అమ్మకి వినిపించింది.

రాణీగంజ్_రాజు | ఫిబ్రవరి 2

గట్లయితే ఇగ బేరింగ్ రాడ్ ఎయ్యి అన్నా. బుష్ రాడ్ పాత ముచ్చట. రోలర్ బేరింగ్ అయితే వంద స్పీడ్ల పోయినా ఏం గాదు.

అనంతపురం_అప్ప | ఫిబ్రవరి 2

వందలో పోయేకి అది ఖమ్మం ఓవర్సీరు బండి సామీ, పందెం గుర్రం కాదు.

చైన్‌లూబ్_చిన్ని | ఫిబ్రవరి 2

ఈ వాదన ప్రతి ఏడూ వస్తుంది కాబట్టి ఒకసారి వివరంగా రాస్తాను.

బుల్లెట్ బుష్ (బేరింగు బదులు ఉండే లోహపు వలయం) ఎటూ బిగించి ఉండదు. క్రాంక్ పిన్నుకీ రాడ్డుకీ మధ్య తేలుతూ ఉంటుంది. పిన్ను తిరుగుతుంటే బుష్ కూడా దానికంటే తక్కువ వేగంతో తిరుగుతుంది. అంటే ఒకే చోట పడాల్సిన రాపిడి లోపలి ముఖం మీదా బయటి ముఖం మీదా పంచుకుంటుంది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు ఉన్న 346 సీసీ ఇంజన్ ఇది. పెద్ద ఫ్లైవీళ్లతో నిదానంగా లాగడానికి పుట్టింది. ఆ నడకకి బుష్ చక్కగా సరిపోతుంది, చప్పుడు తక్కువ. కానీ ఆయిల్ ధార ఆగకుండా రావాలి, ఎండితే నిమిషాల్లో పోతుంది. రోలర్ కాస్త ఆయిల్ తగ్గినా ఓర్చుకుంటుంది.

కాబట్టి ఏది వెయ్యాలన్న సంగతి తర్వాత. మీ బుష్‌కి ఆయిల్ ఎందుకు అందలేదో ముందు కనుక్కోండి. కారణం దొరక్కుండా కొత్త రాడ్ వేస్తే మళ్లీ వైరా రోడ్డే.

బర్మింగ్‌హామ్_బావ | ఫిబ్రవరి 2

చిన్ని గారితో ఏకీభవిస్తున్నా. ఆ తేలే బుష్ రెడిచ్ (ఇంగ్లండ్‌లో బుల్లెట్ పుట్టిన ఊరు) కాలం నాటిదే, మద్రాసులో కొత్తగా పెట్టింది కాదు. రెడిచ్ మా ఇంటికి దగ్గరే. అక్కడ బళ్లు తయారవడం 1967లోనే ఆగింది. 1955లో మద్రాసులో బిగించడం మొదలుపెట్టిన బండి 1977లో తిరిగి ఇక్కడికే ఎగుమతి అయింది. పుట్టిల్లు మూతపడ్డా అత్తారింట్లో సుఖంగా కాపురం చేసిన పిల్లలాంటిది. ఇక్కడి ముసలాళ్లు మన దేశం బుష్‌లే తెప్పించుకుని వేసుకుంటారు.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఫిబ్రవరి 5

దొరికింది.

టైమింగ్ కవరు కిరోసిన్‌లో కడిగి, ఫిల్టర్ గదిలోంచి క్రాంకు కొసకి పోయే సన్న దారిలో సైకిల్ పంపుతో గాలి కొట్టాను. గాలి పోవడం లేదు. సైకిల్ పుల్ల కొస వంచి లోపల గీకితే రబ్బరులా సాగుతూ బయటికొచ్చింది. ఎర్ర సిలికాన్ పేస్టు! బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. ఎవరో ప్యాకింగ్ వేసేటప్పుడు ధారాళంగా పూశారు. కవరు బిగించగానే మిగిలింది లోపలికి పొంగి దారిలో కూర్చుంది.

నాన్నకి చూపించా. అరచేతిలో వేసుకుని కళ్లజోడు పెట్టుకుని చూశారు. ఆ చప్పుడు మొదలవడానికి రెండు నెలల ముందే కవరు కారుతోందని ఒకచోట ప్యాకింగ్ వేయించారట. "నేనేదో చౌక ఆయిల్ పోశాననుకున్నా ఇన్నాళ్లూ" అన్నారు. తర్వాత ఆ ముక్కని అగ్గిపెట్టెలో పెట్టి లోపలికి తీసుకెళ్లారు.

లేత్_బాబాయ్ | ఫిబ్రవరి 5

నాయనా, నేను ఆ పేస్టును కొట్లో కూడా పెట్టనివ్వను. ఆ కవరుకి కాగితం ప్యాకింగ్, రెండు పక్కలా వేలితో గ్రీజు పూస్తే చాలు. కారితే ముఖాలు వంకరన్నమాట. గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి కవరును ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి.

ఇప్పుడు ఫ్లైవీళ్లు విడదీసి పిన్ను మార్చడం నీ పోర్టికోలో అయ్యేది కాదు. అది నాకు తీసుకురా. బ్యారెలూ, కొత్త పిస్టనూ కూడా తీసుకురా. పిస్టన్ చేతికి రాకుండా ఎవరైనా బోరింగ్ చేస్తామంటే వాళ్లకి దణ్ణం పెట్టి వచ్చేయ్. కొలిచి చేయాల్సింది పిస్టన్‌ని బట్టి, డబ్బా మీద అచ్చేసిన అంకెని బట్టి కాదు.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఫిబ్రవరి 6

కేసులు చీల్చాను. ఇంతకంటే భయపడ్డ క్షణం లేదు, తీరా చూస్తే నాలుగు మెత్తటి సుత్తి దెబ్బలకి విడిపోయాయి. శనివారం బెజవాడ వస్తున్నా.

రాణీగంజ్_రాజు | ఫిబ్రవరి 6

అన్నా, క్రాంక్ కేసు పాడైనట్టుంటే పుత్లీబౌలిల పాత కేసులు దొరుకుతయ్, చూడమంటవా?

చైన్‌లూబ్_చిన్ని | ఫిబ్రవరి 6

వద్దండి. ఇంజన్ నంబరు ఉండేది దాని మీదే. ఆర్‌సీలో ఉన్న నంబరూ కేసు మీది నంబరూ కలవకపోతే బండి ఎంత బాగున్నా కాగితం మీద బండే కాదు. పగులు ఉంటే వెల్డింగ్ చేయించుకోవచ్చు, మరలు పోతే బుష్ వేయించుకోవచ్చు. నంబరున్న కేసు మాత్రం మార్చొద్దు.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఫిబ్రవరి 9

నిన్నటి ముచ్చట కాస్త వివరంగా రాస్తున్నా.

ఫ్లైవీళ్లు బియ్యం సంచిలో కట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కా. కండక్టరు సంచి మీద తట్టి "ఏందయ్యా, తిరగలా?" అన్నాడు. అవునన్నాను. లగేజీ టికెట్ కొట్టలేదు.

బాబాయ్ గారు మాట్లాడేది తక్కువ. పాత పిన్ను తీసి నా చేతిలో పెట్టి గోటితో రాయమన్నారు. ఒక పక్క అద్దంలా ఉంది, ఇంకో పక్క మెట్టు తగులుతోంది. కొత్త రాడ్డు, పిన్ను, బుష్ వేశారు. బుష్ రాడ్డే. నేను అడగలేదు, ఆయనా అడగలేదు. నట్లు బిగించాక లేత్ సెంటర్ల మధ్య ఎక్కించి డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పారు. ముల్లు ఎనిమిది థౌ దాకా ఊగింది. ఆపి, సుద్దతో ఒక చోట గీత గీసి, రాగి సుత్తితో ఆ అంచు మీద ఒకే ఒక దెబ్బ. మళ్లీ తిప్పితే ఐదు. ఇంకో గీత, ఇంకో దెబ్బ. పావుగంటలో ముల్లు ఒకటిన్నర దగ్గర ఆగింది. "రెండు లోపు చాలు. ఇక ముట్టుకుంటే పాడవుతుంది" అని గేజి తీసేశారు.

ఆఖరున ఆయిల్ క్యాను మూతి క్రాంకు కొసలో పెట్టి నొక్కారు. పిన్నులోని కన్నమూ ఫ్లైవీల్లోని కన్నమూ కలిస్తేనే ఆయిల్ బుష్ దాకా వస్తుందట. మూడోసారి నొక్కగానే రాడ్డు పక్క నుంచి ఒక చుక్క తొంగిచూసింది. "ఇది చూడకుండా మూసినవాడే మీ బండిని చంపాడు" అన్నారు.

బ్యారెల్ ఫార్టీ ఓవర్ చేశారు. భోజనం కూడా వాళ్లింట్లోనే. గోంగూర పచ్చడి అమ్మకి కూడా పంపారు.

లేత్_బాబాయ్ | ఫిబ్రవరి 9

భోజనం సంగతి ఇక్కడ రాస్తావా? రేపట్నుంచి అందరూ సంచులేసుకొస్తారు.

రింగులు అలాగే ఎక్కించకు. ఒక్కొక్క రింగునూ ఖాళీ బ్యారెల్లో పెట్టి, పిస్టన్ నెత్తితో అంగుళం లోపలికి సమంగా నెట్టి, మూతి సందులో ఫీలర్ గేజి దూర్చి చూడు. నా లెక్క బోరు అంగుళానికి నాలుగు థౌ. 70 మి.మీ. అంటే రెండుముప్పావు అంగుళాలు, పదకొండు థౌ వస్తుంది. కాస్త ఎక్కువైనా పరవాలేదు, తక్కువ మాత్రం వద్దు. వేడికి మూతులు కలుసుకుంటే రింగు విరుగుతుంది.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఫిబ్రవరి 16

పై రింగు ఆరు థౌ మాత్రమే ఉంది! డబ్బాలోంచి తీసి నేరుగా వేసుంటే అంతే సంగతులు. ఆకురాయితో ఒక్కో రుద్దు రుద్ది, కొలిచి, మళ్లీ రుద్ది పన్నెండుకి తెచ్చా. ఒక్క రింగుకి నలభై నిమిషాలు.

బేరింగులు రాత్రంతా ఫ్రీజర్లో ఇడ్లీ పిండి పక్కన పడుకున్నాయి. పొద్దున క్రాంక్ కేసు సగాన్ని స్టవ్ మీద పాత దోసె పెనం మీద పెట్టి వేడి చేశా. నీటి చుక్క వేస్తే చుర్రుమని ఎగిరేదాకా. బేరింగ్ పైన పెట్టగానే తనంతట తనే "టుప్" మని కూర్చుంది. సుత్తి ముట్టుకోలేదు. పెనం గురించి అమ్మకి ఎవరూ చెప్పొద్దు.

జావా_జోగారావు | ఫిబ్రవరి 16

అమ్మగారు ఈ దారం చదవట్లేదని గ్యారంటీ ఏమిటండి?

చైన్‌లూబ్_చిన్ని | ఫిబ్రవరి 17

కవరు మూసే ముందు రెండు చిన్న వస్తువులు. ఒకటి, క్రాంకు కొసకీ కవరుకీ మధ్య వచ్చే బెండు సీలు. చూడటానికి సోడా మూత లోపలి బిళ్లంత ఉంటుంది, ధర కూడా అంతే. అది పాతదైతే పంపు నుంచి వచ్చిన ఆయిల్ క్రాంకులోకి పోకుండా పక్క నుంచి జారిపోతుంది. సిలికాన్ లేకుండానే అదే చావు. తప్పనిసరిగా కొత్తది వెయ్యండి.

రెండు, పంపు బిళ్లలు. ఫీడ్ ఒకటి, రిటర్న్ ఒకటి. తిరిగి తోడే పంపుకి సామర్థ్యం ఎక్కువ ఉంటుంది, రెంటినీ తారుమారు చేయొద్దు. బిళ్ల ముఖం మీద గీతలుంటే గాజు పలక మీద సన్న పేస్టుతో రుద్ది నునుపు చేయండి. ఆ ముఖాలు సరిగ్గా అతికితే బండి నిలబడ్డప్పుడు ఆయిల్ కిందికి జారడం కూడా తగ్గుతుంది.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | మార్చి 3

వాల్వులు రుద్దాను, కిరోసిన్ పోసి గంట చూశాను, చుక్క దిగలేదు. ఇంజన్ ఫ్రేములోకి ఎక్కింది. పక్కింటి ఇద్దరు కుర్రాళ్లు, నేను, నాన్న నోరు.

ట్యాపెట్ల (వాల్వుల్ని కదిపే కడ్డీల) సందు గురించి ఒకరు నాలుగు థౌ అంటారు, ఒకరు రెండంటారు. ఏది?

లేత్_బాబాయ్ | మార్చి 3

సున్నా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వాల్వు మూసి ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. అంతే. ఇంజన్ వేడెక్కితే సందు దానంతటదే వస్తుంది.

పాయింట్ల (ప్లగ్గుకి నిప్పు అందించే స్విచ్చు) సందు 14 నుంచి 16 థౌ. టైమింగ్ (నిప్పు పడే క్షణం) పిస్టన్ పై కొసకి 0.8 మి.మీ. ముందు. పాయింట్ల మధ్య పల్చటి సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజన్ తిప్పు. కాగితం జారిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | మార్చి 3

మా ఇంట్లో సిగరెట్లు లేవు బాబాయ్ గారూ.

(పది నిమిషాల తర్వాత) నాన్న అలమారాలోంచి తెచ్చిచ్చారు. ఎక్కడిదని అమ్మ అడుగుతోంది. టైమింగ్ మాత్రం కుదిరింది.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | మార్చి 8, ఉదయం 7:15

స్టార్టయింది. ఆపేశాను. భయమేస్తోంది.

మూడో కిక్‌కే అందుకుంది. చిన్నగా, సమంగా కొట్టింది. చిన్ని గారు ఇంతకు ముందు ఇంకో దారంలో చెప్పినట్టు హెడ్డు మీదికి పోయే సన్న ఆయిల్ పైపు బోల్టు ఒక చుట్టు వదులు చేసి చూశా. ఇరవై సెకన్లయినా చుక్క రాలేదు. వెంటనే ఆపా.

చైన్‌లూబ్_చిన్ని | మార్చి 8, ఉదయం 7:21

ఆపి మంచి పని చేశారు. ఫిల్టర్ గది ఆయిల్‌తో నింపి మూశారా, ఖాళీగానే మూశారా?

ఖమ్మం_డుగ్గుడుగ్గు | మార్చి 8, ఉదయం 7:23

ఖాళీగా.

చైన్‌లూబ్_చిన్ని | మార్చి 8, ఉదయం 7:30

అదే. పంపు ముందు ఆ గది మొత్తం నింపాలి, తర్వాతే క్రాంకుకి పంపుతుంది. క్రాంకు నుంచి కింద పడిన ఆయిల్‌ని రిటర్న్ పంపు తోడితేనే హెడ్డుకి వెళ్తుంది. ఫిల్టర్ మూత విప్పి గదిలో మెల్లగా ఆయిల్ నింపండి. ప్లగ్గు తీసేసి, కిక్కర్ చేత్తో ఓ యాభైసార్లు నొక్కండి. అప్పుడు చూడండి.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | మార్చి 8, ఉదయం 8:50

వచ్చింది! ముందు గాలి బుడగలు, తర్వాత తేనె రంగులో ధార. బోల్టు బిగించా. ప్లగ్గు పెట్టి మళ్లీ స్టార్ట్ చేశాం. ఈసారి కిక్ నేనే కొట్టినా, అసలు పని నాన్నది. పక్కన నిలబడి అమ్మీటర్ ముల్లు చూస్తూ "మెల్లగా నొక్కు… ముల్లు మధ్యకొచ్చింది, ఆగు… డీకంప్రెషర్ (లోపలి గాలి వదిలే లివరు) పట్టి ఇంకాస్త… వదిలేయ్… ఇప్పుడు కొట్టు" అన్నారు. ఒక్క కిక్. పదకొండేళ్లుగా పాడైందని నేననుకున్న అమ్మీటర్ ఆయన దృష్టిలో ఉన్నది కరెంటు చూడ్డానికి కాదట, పాయింట్లు ఎక్కడ తెరుచుకున్నాయో చూడ్డానికట.

అనంతపురం_అప్ప | మార్చి 8

శభాష్ సామీ! చల్లారినాక హెడ్డు నట్లు ఇంకోసారి బిగించు. మొదటి 500 కిలోమీటర్లు యాభై దాటొద్దు, ఎగువలో లాగించొద్దు, ఒకే యాక్సిలరేటర్ మీద గంటలకొద్దీ పోవద్దు. వంద కిలోమీటర్లకే మొదటి ఆయిల్ పారబొయ్యి. దాంట్లో వెండి పొడి మాదిరి మెరిసేది చూసి భయపడొద్దు.

రాణీగంజ్_రాజు | మార్చి 8

అన్నా, మొదలు నేనే వద్దన్న. మాట వాపస్ తీసుకుంటున్న. మా చిన్నాయన బకెట్ల ఫోటో రేపు పెడ్త, జర చూడుండ్రి అందరు.

ఇగ ఆర్‌సీ సంగతేంది? యాభై ఏండ్లు దాటినయ్ గద, వింటేజ్ నంబర్ తీస్కో, శాన్ ఉంటది.

చైన్‌లూబ్_చిన్ని | మార్చి 9

శాన్ ఉంటుంది గానీ తిరగడం ఉండదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకి. కానీ ఆ బండిని రోజువారీ వాడకానికి తీయకూడదు. ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతు, పెట్రోలు, అంతవరకే. నాన్నగారు వైరా వెళ్లాలంటే మామూలు రెన్యూవలే మేలు. ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి తీసుకోండి.

ఖమ్మం_డుగ్గుడుగ్గు | ఏప్రిల్ 19

రెన్యూవల్ అయింది. స్టార్టయ్యాక మీటరులో 412 కిలోమీటర్లు. మొదటి ఆయిల్లో అప్ప గారు చెప్పిన వెండి పొడి ఉంది, రెండోదాంట్లో లేదు. ప్రైమరీ కవరు (ఎడమ పక్క చైను మూత) కింద రాత్రికి రెండు చుక్కలు పడుతున్నాయి, కొత్త రబ్బరు తెప్పిస్తున్నా. నిన్న నాన్నని వెనక కూర్చోబెట్టుకుని వైరా చెరువు దాకా వెళ్లొచ్చాను. ఆయన దారంతా మాట్లాడలేదు, వింటున్నారు. కట్ట మీద దిగాక "ఎగ్జాస్ట్ ట్యాపెట్ కాస్త బిగుతుగా పెట్టావు" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నిజమే.

బాబాయ్ గారూ, స్పానర్ల సెట్టు ఈ రోజు బస్సు పార్శిల్లో వేశాను. శుభ్రంగా తుడిచి, నూనె రాసి పెట్టా. 3/16 ఒక్కటి మాత్రం అందులో లేదు. మా దగ్గరే ఉంది. నాన్న జేబులో పెట్టుకున్నారు, ఇవ్వమంటే వినబడనట్టు పేపరు చదువుకుంటున్నారు.

లేత్_బాబాయ్ | ఏప్రిల్ 19

ఉంచుకోమను. ఆ సైజుది నా దగ్గర ఇంకొకటి ఉంది.